చేలో దొరికిన కుందేలు పిల్లల్ని ఇంట్లో తెల్ల కుందేలు దగ్గర పెట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వేరుశనగ పీకుతుంటే గట్టు పక్కన రెండు కుందేలు పిల్లలు దొరికాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఒంటి నిండా బొచ్చుంది, తల్లి జాడ లేదు. ఇంట్లో తెల్ల కుందేళ్ళ జత ఉంది, ఆడది నాలుగు రోజుల కింద ఆరు పిల్లల్ని ఈనింది. ఈ రెండింటినీ ఆ ఆరింటితో కలిపితే పాలిస్తుందా, పెద్దయ్యాక వీటికీ తెల్లవాటికీ పిల్లలు పుడతాయా అన్నారు. చివర్లో, తెల్లది తన పెంటికలు తనే తింటోంది, జబ్బేమైనా ఉందా అని కూడా అడిగారు.

అర్జంటుది ముందు చెప్తాను. ఆ రెండు పిల్లల్నీ ఇవాళ చీకటి పడేలోపు దొరికిన చోటే వదిలేయండి. అవి అనాథలు కావు. పగటి పూట పిల్లల దగ్గర ఉండకపోవడమే ఆ జాతి తల్లుల పద్ధతి. మీ తెల్ల కుందేలు వాటిని దగ్గరికి రానివ్వకపోవచ్చు, రానిచ్చినా అవి ఆ గూట్లో ఇమడవు. ఈ రెండు జాతులకీ పిల్లలు పుట్టే ప్రసక్తే లేదు. పెంటికల సంగతి జబ్బు కాదు, కింద వివరంగా రాస్తాను.

నేను పశువైద్యుడిగా ముప్ఫై ఏళ్ళు, ఎక్కువ భాగం అనంతపురం వైపు పనిచేసి రిటైరయ్యాను. మధ్యలో సొంతంగా కుందేళ్ళు పెంచి చేతులు కూడా కాల్చుకున్నాను. ఏటా వేరుశనగ పీకే రోజుల్లో ఎవరో ఒకరు బుట్టలోనో, తువ్వాల్లోనో ఇలాంటి పిల్లల్ని పట్టుకుని హాస్పిటల్‌కి వచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట: "తల్లి వదిలేసి పోయింది సార్."

వదలడం ఎలాగంటే, ఉత్త చేతులతో కాకుండా పిడికెడు పచ్చగడ్డి పట్టుకుని దాంతో ఎత్తండి. దొరికిన చోటు ఇప్పటికే పీకేసి నేల బోడిగా ఉంటే, అక్కడికి దగ్గర్లో గట్టు మీద గడ్డి దుబ్బు చూసి దాని కింద పెట్టండి. రెండింటినీ పక్కపక్కనే కాకుండా నాలుగైదు అడుగుల ఎడంగా ఉంచండి. కుక్కల్ని కట్టేయండి. పెట్టాక అక్కడ నిలబడకండి, ఫోటోల కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళకండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదు అనే మాట అందరూ అంటారు గానీ, అంతమాత్రాన తల్లి వదిలేయదు. అసలు భయం కుక్కలది. మనం పదిసార్లు తిరిగితే మన అడుగుల వాసన పట్టుకుని అవి నేరుగా అక్కడికే వెళ్తాయి.

సాయంత్రం దాకా ఏమీ తాగించకండి. ముఖ్యంగా ఆవు పాలు, గేదె పాలు వద్దు. ఆవు పాలలో వెన్న సుమారు నాలుగు శాతం ఉంటే, ఇంటి కుందేలు పాలలో పన్నెండు పదిహేను శాతం దాకా ఉంటుంది. మాంసకృత్తులు కూడా ఆవు పాల కంటే మూడు రెట్లు. పాల చక్కెర మాత్రం చాలా తక్కువ. అడవి కుందేలు పాలూ అలాంటి చిక్కటివే. ఆవు పాలు పడితే పిల్లకి బలం చాలదు, పైగా ఆ చక్కెర అరగక పారుకుంటుంది. ఒక హైస్కూలు పిల్ల ఇంకు ఫిల్లర్‌తో ఎంతో ప్రేమగా రెండు రోజులు ఆవు పాలు పట్టింది. మూడో రోజు నా దగ్గరికి తెచ్చేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక సెలైన్ ఎక్కిస్తున్నట్టు కాసేపు హడావుడి చేశాను.

ఒకవేళ పిల్లకి కొడవలి గాయమో, కుక్క కాటో ఉంటే మాత్రం వదిలేయకుండా దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకి ఫోన్ చేయండి. ఇంకో మాట. మన చేలల్లో తిరిగే కుందేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పట్టడం, చంపడం, ఇంట్లో పెంచుకోవడం మూడూ నేరమే. మీరు మంచి ఉద్దేశంతోనే తెచ్చారని నాకు తెలుసు, కానీ గూట్లో పెట్టి పెంచితే ఆ మాట ఎవరూ వినరు.

ఇప్పుడు అసలు విషయం. తెలుగులో మనం రెండు వేర్వేరు జంతువుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. చేలో ఉండేదాన్ని చాలా ఊళ్ళలో చెవులపిల్లి అంటారు, ఆ పేరే వాడితే సగం గొడవ తీరిపోతుంది. దాని శాస్త్రీయ నామం లేపస్ నైగ్రికోలిస్, అంటే నల్ల మెడది. మెడ వెనక నల్లటి మచ్చ, తోక మీద నలుపు చూసి గుర్తుపట్టొచ్చు. మీ ఇంట్లోది ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్ దక్షిణ భాగం. మీ దగ్గరున్నది న్యూజిలాండ్ వైట్ రకం అని రాశారు. నవ్వొచ్చే సంగతేంటంటే ఆ రకాన్ని తయారు చేసింది న్యూజిలాండ్‌లో కాదు, అమెరికాలో. ఒకే పేరుతో పిలిచిన తప్పు మనదొక్కరిదే కాదులెండి. 1758లో లిన్నేయస్ కూడా ఇంటి కుందేలుకి లేపస్ అనే పేరే పెట్టాడు. తర్వాతి వాళ్ళు విడదీశారు.

తేడా అంతా పుట్టుకలోనే ఉంది. ఇంటి కుందేలు బొరియలో పుట్టే జంతువు. చెవులపిల్లి బయలులో పుట్టే జంతువు. మీకు కనపడే మిగతా తేడాల్లో చాలావరకు దీన్నుంచే వచ్చాయి.

బొరియ అంటే భద్రమైన చోటు. అందుకే ఇంటి కుందేలు ముప్ఫై, ముప్ఫై రెండు రోజులకే ఈనేస్తుంది. పిల్లలు ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని ఎలక పిల్లల్లా ఉంటాయి. కళ్ళు తెరవడానికి పదకొండో రోజు దాకా పడుతుంది. ఈనే ముందు తల్లి తన రొమ్ము మీది, పొట్ట మీది బొచ్చు నోటితో పీకి గూట్లో పరుస్తుంది. మీ గూడు పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, ఆ బొచ్చు కింద వెచ్చగా రొట్టెల పొయ్యిలా ఉంటుంది.

చెవులపిల్లికి బొరియ లేదు, తవ్వే అలవాటూ లేదు. గడ్డి దుబ్బు కిందో, కంది చెట్ల మధ్యో ఒళ్ళు ఒత్తుకుని చేసుకున్న చిన్న పల్లమే దాని ఇల్లు. అలాంటి చోట గుడ్డి పిల్లల్ని కంటే సాయంత్రానికి నక్క తినేస్తుంది. అందుకే దాని చూలు నలభై రోజులు దాటుతుంది. పిల్లలు కాస్త ఎదిగాకే బయటికి వస్తాయి. పుట్టేటప్పటికే కళ్ళు తెరిచి, ఒంటి నిండా బొచ్చుతో, గంటల్లోనే కదలగలిగేలా ఉంటాయి. సాధారణంగా ఈతకి ఒకటి నుంచి నాలుగు పిల్లలు. ఇంటి కుందేలు ఆరు, ఎనిమిది పెడుతుంది. మీకు దొరికిన వాటికి కళ్ళు తెరిచి ఉండటం చూసి కనీసం రెండు వారాలవి అనుకున్నారు కదా. అవి నిన్న పుట్టినవి కూడా అయ్యుండొచ్చు.

ఇక తల్లి ఎందుకు కనపడలేదంటే, పెద్ద చెవులపిల్లికి వాసన ఉంటుంది, పిల్లకి చాలా తక్కువ. తల్లి పక్కనే ఉంటే నక్కకి, గుంటనక్కకి, ముంగిసకి దారి చూపించినట్టే. అందుకే పిల్లల్ని ఒక్కోచోట వదిలి తను దూరంగా పడుకుంటుంది. పిల్ల చేసే పని ఒక్కటే, కదలకుండా ఉండటం. మీరు దగ్గరికి వెళ్ళినా పారిపోలేదు, మచ్చికగా ఉన్నాయి అని రాశారు. అది మచ్చిక కాదండీ, దానికి తెలిసిన ఒకే ఒక్క దాక్కునే పద్ధతి.

తల్లి రావడం నా కళ్ళారా ఒక్కసారే చూశాను. ధర్మవరం వైపు పల్లె అది. కూలీలు మూడు పిల్లల్ని తెస్తే, వాళ్ళతో పాటే స్కూటర్ మీద పొలానికి వెళ్ళి దొరికిన చోట పెట్టించాను. ఒక కుర్రాడు నమ్మలేదు, వస్తుందో రాదో చూద్దాం సార్ అన్నాడు. వంద అడుగుల అవతల కంది చేలో కూర్చున్నాం. దోమలు పీకేస్తున్నాయి. పొద్దు గుంకి, మనిషి ముఖం సరిగ్గా ఆనని వేళకి గట్టు మీద ఏదో కదిలింది. నేరుగా రాలేదు. నాలుగు గంతులు వేసి ఆగింది, చెవులు నిక్కబెట్టి కూర్చుంది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. ఆఖర్లో పక్కకి ఒక్క పెద్ద గెంతు గెంతింది, అడుగుల వాసన దారి తెగిపోయేలా. అది కూర్చోగానే మూడు వైపుల నుంచి మూడు పిల్లలూ దాని పొట్ట కింద దూరాయి. నాలుగైదు నిమిషాలు, అంతే. పిల్లల్ని ఒకసారి నాకి, మళ్ళీ పక్కకి గెంతి చీకట్లో కలిసిపోయింది. ఆ కుర్రాడు ఊరు చేరేదాకా మాట్లాడలేదు.

ఆ నాలుగైదు నిమిషాలే రోజు మొత్తానికి. యూరప్‌లో దీనికి దగ్గరి చుట్టమైన ఇంకో లేపస్ కుందేళ్ళని గమనించినవాళ్ళు కూడా ఇదే చూశారు: పొద్దు గుంకాక పిల్లలు పుట్టిన చోటికి చేరతాయి, తల్లి రోజుకి ఒక్కసారి వచ్చి పాలిచ్చి పోతుంది. పాలు అంత చిక్కగా ఉండేది అందుకే.

ఈ ఒక్క విషయంలో మాత్రం మీ తెల్ల కుందేలూ అంతే. అది కూడా రోజుకి ఒకసారి, మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది, అదీ మనం నిద్రపోతున్నప్పుడు. కొత్తగా పెంచేవాళ్ళు "తల్లి పిల్లల దగ్గరికే పోవట్లేదు" అని రాత్రి తొమ్మిదింటికి టెన్షన్‌గా ఫోన్ చేస్తారు. నేను ఒకటే చెప్తాను, పిల్లని తిప్పి పొట్ట చూడండి అని. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, బిగువుగా ఉంటుంది. మొదటి వారంలో అయితే పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనపడతాయి కూడా. ముడతలు పడి, చర్మం వేలాడుతుంటే అప్పుడు కంగారు పడాలి.

ఒక తెల్ల కుందేలు పిల్లల్ని ఇంకో తెల్ల కుందేలు దగ్గర పెట్టడం మామూలే. వయసు తేడా రెండు రోజుల లోపు ఉండి, కొత్త తల్లి గూటి బొచ్చు వాటి ఒంటికి రుద్ది కలిపేస్తే పాలిస్తుంది, నేను చాలాసార్లు చేశాను. చెవులపిల్లి పిల్లలతో అది కుదరదు. బొచ్చులో ముడుచుకుని పడుకోవడం వాటికి తెలియదు. గెంతుతాయి, మీ గుడ్డి పిల్లల్ని తొక్కుతాయి, తల్లి కరుస్తుంది. వాటి మీద గోమార్లు, కడుపులో పరాన్నజీవులు ఉంటే అవి మీ ఆరు పిల్లలకీ అంటుతాయి. అన్నిటికంటే ముఖ్యం, చెవులపిల్లి గూట్లో బతకడం చాలా కష్టం. మూతి చిట్లేలా జాలీకి కొట్టుకుంటుంది, ఒక్కోసారి భయానికే చచ్చిపోతుంది.

సంకరం గురించి. తెల్ల కుందేలు కణంలో 44 క్రోమోజోములు, చెవులపిల్లిలో 48. అంత దూరపు జాతులు, కాబట్టి పిల్లలు పుట్టవు. మా ఊళ్ళో రెండింటికీ పుట్టింది ఉంది అని ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారని తెలుసు, వాళ్ళు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. వాళ్ళు చూసింది బూడిద, గోధుమ రంగు ఇంటి కుందేలు. ఇంటి కుందేలు అడవి పూర్వీకుల అసలు రంగు అదే, అందుకే చెవులపిల్లిలా కనపడుతుంది. అనుమానం ఉంటే ఈనే దాకా ఆగి పిల్లల కళ్ళు చూడండి.

ఇంకా కావాలంటే పాత వేటగాళ్ళని అడగండి, మాంసం రంగు కూడా వేరు అని చెప్తారు. ఇంటి కుందేలుది తెల్లగా కోడి మాంసంలా ఉంటుంది, చెవులపిల్లిది ముదురు ఎరుపు. బొరియ ఉన్నదానికి ముప్ఫై అడుగులు ఉరికితే చాలు. బొరియ లేనిది కుక్క అలిసేదాకా ఉరకాలి. అందుకే దాని గుండె ఒంటి బరువుతో పోలిస్తే చాలా పెద్దది.

రెండూ ఎలక జాతి కాదు, ఆ మాట కూడా చాలామంది అంటారు. పై ముందు పళ్ళ వెనక ఇంకో చిన్న జత పళ్ళు దాగి ఉంటాయి, ఎలకకి అవి ఉండవు. 1912 నుంచి శాస్త్రజ్ఞులు వీటిని వేరే వర్గంగా చూస్తున్నారు.

ఇప్పుడు పెంటికలు. కుందేలు రెండు రకాలుగా వేస్తుంది. మీరు రోజూ ఊడ్చేవి గట్టి గుండ్రటివి, నలిపితే పొడి గడ్డి పీచు. రెండోది మీకు మామూలుగా కనపడదు. మెత్తగా, మెరుస్తూ, చిన్న ద్రాక్ష గుత్తిలా అంటుకుని ఉంటుంది, వాసన కొడుతుంది. అది నేల మీద పడకముందే కుందేలు వంగి నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున జరుగుతుంది.

ఆవు నెమరు వేసినట్టే ఇదీ అనుకోండి. ఆవుకి గడ్డి పులిసే సంచి ముందుంది, కుందేలుకి వెనకుంది. పెద్ద పేగు మొదట్లో ఉండే ఆ సంచి, అంధనాళం అంటారు, జీర్ణకోశంలో అన్నిటికంటే పెద్ద భాగం. పేగు ముతక పీచుని వేరు చేసి త్వరగా బయటికి తోసేస్తుంది, సన్నటి పదార్థాన్ని మాత్రం వెనక్కి సంచిలోకి పంపిస్తుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి మాంసకృత్తులు, బి విటమిన్లు తయారు చేస్తాయి. కానీ అప్పటికే చిన్న పేగు దాటిపోయింది కాబట్టి ఒంటికి పట్టాలంటే ఇంకోసారి నోటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఒకాయన పుండు నాకకుండా కుక్కలకి కట్టే ప్లాస్టిక్ గరాటు తన కుందేలు మెడకి కట్టాడు. పుండు మానింది గానీ కుందేలు రోజు రోజుకీ చిక్కిపోయింది. గరాటు తీసేశాక తేరుకుంది.

కాబట్టి తింటే భయం లేదు. తినకుండా ఆ మెత్తటి గుత్తులు గూట్లో మిగిలిపోతుంటేనే ఆలోచించాలి. అప్పుడు దాణా ఎక్కువైందని, గడ్డి తక్కువైందని అర్థం, లేదా పళ్ళ నొప్పో, వంగలేనంత ఒళ్ళో. మీరు రోజూ క్యారెట్, అన్నం, బిస్కెట్ పెడుతున్నామని రాశారు. అవి మానేయండి. ఎండు గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, పైన గరిక, కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకు. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి, కుందేలు వాంతి చేసుకోలేదు, పేగు ఆగితే ఆగినట్టే. ఇంట్లో పిల్లలకి వాడే అమాక్సిసిలిన్ సిరప్ మాత్రం పొరపాటున కూడా నోట్లో పోయకండి. పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు కొద్ది రోజుల్లోనే పోవచ్చు.

నేను చేతులు కాల్చుకున్న సంగతి కూడా చెప్పేస్తాను. పిల్లలు పుడితే మేమే కొంటాం అని ఒక కంపెనీ వాళ్ళు వస్తే, డాక్టర్‌ని అయ్యుండి నేనూ నమ్మి యాభై దాకా పెట్టాను. కంపెనీ ఏడాదికి మాయమైంది. అంతకు ముందే మే నెలలో ఒక మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పదకొండు చనిపోయాయి. కుందేలుకి చెమట పట్టదు, ఒంట్లో వేడి ముఖ్యంగా చెవుల్లోంచే పోవాలి. ముప్ఫై అయిదు డిగ్రీలు దాటితే దానికి ప్రమాదం. చెవులపిల్లి ఇదే ఎండలో పొద నీడ చూసుకుని బతుకుతుంది. గూట్లో ఉన్నదానికి ఎటూ పోయే దారి లేదు, తడి గోనె పట్టాలు మనమే కట్టాలి. ఎండ దెబ్బకి మగవాటి వీర్యం కూడా దెబ్బతింటుంది, వేసవి అయ్యాక నెలన్నర, రెండు నెలల దాకా చూలు కట్టకపోతే ఆడదాన్ని తప్పుపట్టకండి.

చివరిగా, మీరు పెట్టిన ఫోటో చూస్తే మగది కూడా ఈనినదాంతో అదే గూట్లో ఉంది. ఇవాళే వేరు చేయండి. కుందేలుకి పశువుల్లా ఎద రోజులంటూ ఉండవు, మగది కలిశాక పది, పన్నెండు గంటల్లో అండం విడుదలవుతుంది, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. నాలుగు రోజులైందన్నారు కాబట్టి ఇప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. ఈనిన తేదీ నుంచి నెల లెక్కపెట్టి, ఇరవై ఎనిమిదో రోజుకి ఇంకో గూడు పెట్టె సిద్ధంగా ఉంచుకోండి.